ఎవరూ కూర్చోని సీటు

పళ్ళ డాక్టరుగారికి ఒకేసారి రెండు కార్ల మీద మనసైంది. ఇంట్లో చోటు మాత్రం ఒకదానికే ఉంది, అదీ వాళ్ళావిడ దయతలిచి ఇచ్చిన చోటు. "రెండోది తెచ్చారంటే దాన్లోనే పడుకోండి" అందట ఆవిడ. అందుకని ఆయన అమ్మేవాళ్ళిద్దరినీ బతిమాలి, రెండు బళ్ళనీ ఒకే లారీ ఎక్కించి మా షెడ్డుకి పంపించాడు. కొన్నాళ్ళు నడిపి చూసి ఏది ఉంచుకోవాలో మా ఆయన చెప్పాలి. సీట్ల సంగతి నేను చెప్పాలి.

మా ఆయన ఇంజన్లు చూస్తాడు, నేను సీట్లు కుడతాను. పెళ్ళికి ముందు మా నాన్న సీట్ల కొట్టు, ఆయన మెకానిక్ షెడ్డు పక్కపక్కన ఉండేవి. పెళ్ళయ్యాక మధ్యగోడ కొట్టేశాం. ఆ తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. తోలు కుట్టే పెద్ద సూది లేకుండా నా చెయ్యి ఎప్పుడూ చూడలేదని "దబ్బనం" అని పేరు పెట్టాడు. నాకూ అలవాటైపోయింది. బయట ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఓ క్షణం ఆగి పలుకుతాను.

ఏ బండి నడిపి చూసి వచ్చినా ఆయన దిగగానే పైకప్పు మీద వేళ్ళతో రెండు దెబ్బలు వేసి, "ఏమే దబ్బనం, పదునుందా, పోయిందా?" అని కేకేసేవాడు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు, కుట్టు మీంచి తల ఎత్తకుండానే జవాబు విసిరేదాన్ని. ఆయన పగలబడి నవ్వేవాడు. ఎన్నేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. వెనక గదిలోంచి మా అత్తయ్య "సిగ్గులేని సంత" అని తిడుతూ తనూ నవ్వేది.

ఆయన ఎడమకాలు కుంటి. వయసులో ఉండగా జాకీ జారి బండి మీద పడింది. నడిస్తే ఎడమపక్కకి ఒరుగుతాడు, కూర్చుంటే ఎడమ తుంటి కిందికి దిగుతుంది. షెడ్డులో ఆయన కూర్చునే పాత బస్సు సీటుకి నేను ఎన్నిసార్లు స్పాంజి మార్చినా ఎడమవైపే గుంట పడుతుంది. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. పిప్పిపన్ను పీకించుకోవడానికి భయం. పళ్ళ డాక్టరుగారు వచ్చినప్పుడల్లా "ఏదీ, ఒక్కసారి నోరు తెరవండి మేస్త్రీ" అంటాడు, ఈయన మూతి బిగించి బానెట్ కిందికి దూరతాడు. నాకూ లోటు లేదు. తోలు లాగి లాగి కుడిభుజం పట్టేసింది, చలికాలం వస్తే జడ కూడా అత్తయ్యే వెయ్యాలి.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. సీటు కుట్టినవాళ్ళే అందులో మొదట కూర్చోవాలి. బండిగల మనిషి కంటే ముందు, మెకానిక్ కంటే ముందు, కుట్టిన మనిషి వెళ్ళి ఒళ్ళంతా వదిలేసి కూర్చోవాలి. ఎక్కడ గుచ్చుకుంటోందో, ఎక్కడ లాగుతోందో అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడది నేను ఆలోచించి చేసే పని కాదు. ముడి వేసి దారం తెంపానంటే, ఆ వెంటనే లేచి సీట్లో కూర్చుంటాను.

సరే, కార్ల సంగతి. ఒకటి ఇటలీది, మా ఆయన కంటే వయసులో పెద్దది. లేత ఆకుపచ్చ రంగు, పుల్లల చక్రాలు, చెక్క స్టీరింగు, ఎడమవైపు డ్రైవరు సీటు. రెండోది జపానుది, ముప్పై ఏళ్ళ కిందటిది. ముత్యంలాంటి తెలుపు, నేలకి అంటుకున్నట్టుండే ఒళ్ళు, మీట నొక్కితే కనురెప్పల్లా పైకి లేచే హెడ్‌లైట్లు, కుడివైపు డ్రైవరు సీటు. తెల్లదాన్ని ఎడమపక్కన, ఆకుపచ్చదాన్ని కుడిపక్కన పెట్టడంతో రెండు డ్రైవరు సీట్లూ ఒకదాని పక్కకి ఒకటి వచ్చాయి. మధ్యలో నా ముక్కాలి పీట వేసుకుంటే రెండు చేతులకీ రెండు సీట్లు అందేవి.

ఆకుపచ్చదాని సీటు చూడగానే నాకు నవ్వొచ్చింది. లోపల స్ప్రింగుల మీద గుర్రపు వెంట్రుకలు కూరిన పాతకాలపు సీటు. ఎంతమంది చేతులు మారిందో బండి! ఒకడు లావుపాటివాడు, స్ప్రింగులు వెనక్కి అణిగిపోయాయి. ఒకడు సిగరెట్ తాగేవాడు, అంచు మీద కాలిన మచ్చ. ఒకావిడ ఎత్తు చాలక ముందుకి జరిగి కూర్చునేది, అక్కడ తోలు పలచబడింది. చెయ్యి వేస్తే జనంతో కిటకిటలాడే బస్సెక్కినట్టుంది. ఇందులో ఇంకొకరికి చోటు లేదురా బాబూ అనుకున్నాను.

తెల్లదాని సీటు మీద ఫ్యాక్టరీలో వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. కొన్నవాడు దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేసుకున్నాడట. రోజూ వచ్చి చూసుకునేవాడట గాని, ఒక్కనాడూ లోపలికెక్కలేదట. పాడైపోతుందని భయం. ముప్పై ఏళ్ళలో అది లారీల మీదికి ఎక్కడం, దిగడం తప్ప చేసిన ప్రయాణం లేదు. నేను కవరు మీద అరచెయ్యి ఆనించాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సీట్లు ముట్టుకుంటూనే ఉన్నాను, అంత ఖాళీ సీటు ఎప్పుడూ తగల్లేదు. కొత్త సీటుక్కూడా చేసినవాడి చేతివాటం ఉంటుంది. దీంట్లో అదీ లేదు. చెయ్యి తీసేటప్పుడు ప్లాస్టిక్ కాస్త అంటుకుని వదిలింది. చెమట చేతులు కదా అని సరిపెట్టుకున్నాను.

మొదటిరోజు మా ఆయన ముందు ఇటలీదాన్ని తీశాడు. చోక్ లాగాలి, కార్బురేటర్లలోకి పెట్రోలు ఎక్కేదాకా ఆగాలి, మూడోసారికి గాని పట్టుకోదు. పట్టుకున్నాక షెడ్డు రేకులు అదిరిపోయాయి. గంట తర్వాత తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

"అబ్బ, తల ప్రాణం తోకకొచ్చిందే! రెండో గేరు పడాలంటే దానికి దణ్ణం పెట్టుకోవాలి. బ్రేకులు వేస్తే ఆలోచించి ఆగుతుంది" అని తిడుతూ దిగి, పైకప్పు మీద రెండు దెబ్బలు వేశాడు. "ఏమే దబ్బనం, పదునుందా, పోయిందా?"

నేను జవాబు విసిరాను. ఆయన నవ్వు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

సాయంత్రం ఎండ ఉండగానే జపానుదాన్ని తీశాడు. తాళం తిప్పితే పలికింది. చప్పుడు లేకుండా గేటు దాటింది, అంతే చప్పుడు లేకుండా వచ్చింది. ఆయన దిగి తలుపు మెల్లగా మూశాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగుంది" అన్నాడు.

"బాగుందంటే?"

"అడిగింది చేస్తుంది. అడక్కముందే చేస్తుంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

పైకప్పు మీద దెబ్బలు లేవు, కేకా లేదు. అలిసిపోయాడేమో అనుకున్నాను. టీ ఇస్తే పొగలు కక్కుతుండగానే గడగడా తాగేశాడు. ఆయన టీ చల్లారబెట్టి, మీగడ కట్టాక దాన్ని వేలితో తీసి పక్కన పెట్టి తాగే రకం. ఆ మీగడ గురించి మేం ఎన్ని పోట్లాటలు పోట్లాడుకున్నామో.

ఆ వారం ఆయన తెల్లదాన్నే ఎక్కువగా తీశాడు. ఇటలీదాన్ని తియ్యమంటే "చూశాం కదా" అనేవాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గి వచ్చేవాడు. ఒకరోజు పని చేస్తూ ఎప్పుడూ వేసే ఈల మర్చిపోయాడు. ఒకరోజు తన లవంగాల డబ్బా కింద పడితే దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు. నేను తీసిచ్చాను. "ఇదేంటి?" అన్నాడు. ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా నా చేతికి తిరిగిచ్చేశాడు.

ఇంకోరోజు బండి దిగి షెడ్డు ఈ చివర్నించి ఆ చివరికి నడిచి వెళ్ళాడు. నిటారుగా, ఎటూ ఒరక్కుండా. అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ముక్కున వేలేసుకుంది.

"ఒరేయ్, నీ కాలు!"

"ఏమైంది?" అన్నాడు ఆయన.

అత్తయ్య ఏడుపూ నవ్వూ కలిపి లేచి వెళ్ళి ఆ మోకాలు తడిమింది. జాకీ జారినప్పటి నుంచీ ఆవిడ ఆ కాలు గురించి మొక్కని దేవుడు లేడు. నేను కుట్టు వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, మీ అబ్బాయి మనిషి మారిపోతున్నాడు. మీకు కనపట్లేదా?"

"కాలు బాగైందే పిచ్చిమొహమా! ఇంకేం కావాలి నీకు?"

"ఆయన నన్ను దబ్బనం అని పిలిచి ఎన్ని రోజులైందో చూశారా?"

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. పెళ్ళాన్ని ఎవరైనా అలా పిలుస్తారా" అంది. అని, కొడుకు వైపు ఇంకోసారి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన సామాన్లు కొనడానికి బజారుకెళ్ళాడు. నేను తెల్లదాని తలుపు తీశాను.

గుప్పుమంటూ లవంగం వాసన కొట్టింది. ఆయన నోట్లో లవంగం పెట్టుకోవడం మానేశాడు కదా మరి! ప్లాస్టిక్ కవరు మీద ముడతలు పడ్డాయి. దాని మీద చెయ్యి వేశాను. గుంట. ఎడమవైపు లోతు, కుడివైపు తక్కువ. అంత గుంట పడాలంటే మనిషి ఏళ్ళ తరబడి కూర్చోవాలి. ఆ గుంట నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పాత బస్సు సీటుకి ఎన్నిసార్లు పూడ్చానో ఆ గుంటనే. ప్లాస్టిక్ కింద అది వెచ్చగా ఉంది. రాత్రంతా షెడ్డుకి తాళం వేసి ఉంది, పొద్దున ఆ బండిని ఎవరూ ముట్టుకోలేదు.

లోపలికెక్కకుండా బయటి నుంచే వంగి తాళం తిప్పాను. ఇంజను పట్టుకునే ముందు ఒక చిన్న గురగుర. మాట మొదలుపెట్టే ముందు మా ఆయన గొంతు సవరించుకునే చప్పుడు. ఆపేశాను. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అదే. మూడోసారి తిప్పే ధైర్యం చాల్లేదు. తాళం తీసి మేకుకి తగిలించి వెనక్కి తిరిగేసరికి ఎడమవైపు హెడ్‌లైటు మెల్లగా పైకి లేచింది. ఒక్కటే. కాసేపు అలా ఉండి దిగిపోయింది.

నా పీట మీద రెండు సీట్ల మధ్య కూలబడ్డాను. ఆకుపచ్చదానికి ఆకలి లేదు. ఎంతమందో కూర్చుని లేచి వెళ్ళారు, అందరూ తలా కాస్త వదిలి వెళ్ళారు, అది నిండిపోయింది. ఈ తెల్లదాన్ని ముప్పై ఏళ్ళు కళ్ళతో చూశారే గాని ఒక్కరూ ఒళ్ళు ఆనించలేదు. మొదటిసారి ఎక్కిన మనిషిని అది దొరికినంత మటుకు దాచుకుంటోంది. దాని మీద జాలి కూడా వేసింది. అయినా నా మొగుడే దొరికాడా దీనికి?

పదకొండింటికి పళ్ళ డాక్టరుగారు హడావిడిగా వచ్చాడు. సాయంత్రం వాళ్ళావిడని తీసుకుని వస్తాడట, అప్పుడే లారీ కూడా వస్తుందట. ఒకటి ఇంటికి, ఒకటి వెనక్కి.

"చెప్పండి మేస్త్రీ. ఏది ఉంచుకోను, ఏది పీకేయను?"

మా ఆయన చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. "జపానుది తీసుకోండి. ఇటలీదానికి కార్బురేటర్లు వారానికోసారి సరిచెయ్యాలి. వానొస్తే నీరు కారుతుంది. బ్రేకులు బలహీనం. చూసేవాళ్ళకి బాగుంటుంది. జపానుదానికి ఏమీ చెయ్యక్కర్లేదు. ఇంజను ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుంది. ఏ వేగంలోనైనా నిలకడగా ఉంటుంది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ మా ఆయన కారు గురించి ఇలా మాట్లాడడు. చెంపలు వాయించుకుంటాడు, తిడతాడు, చేతులతో గేర్లు వేసి చూపిస్తాడు. ఇది ఎవరో కాగితం చూసి చదివినట్టుంది.

"మరి సీట్లు?" అన్నాడు డాక్టరు.

మా ఆయన నా వైపు వేలు చూపించాడు. "సీట్లు ఆవిడ చూస్తుంది. కుట్టు బాగా కుడుతుందట."

డాక్టరుగారు అదేదో మొగుడూ పెళ్ళాల వేళాకోళం అనుకుని గట్టిగా నవ్వి, నా భుజం నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయాడు. నేనేం జవాబు చెప్పానో నాకు గుర్తులేదు. కుడుతుందట! ఎవరో చెప్పగా విన్నాడట! ఆ ఒక్క మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. సాయంత్రం ఆ తెల్లబండి గేటు దాటిందంటే దాంతోపాటు ఆయన కుంటి కాలు, ఆయన లవంగం, టీ మీద మీగడ, నా పేరు, అన్నీ వెళ్ళిపోతాయి. నా దగ్గర మిగిలేది ఈ మర్యాదస్తుడు.

ఏడ్చే తీరిక లేదు. పానా తీసుకున్నాను.

ఆయన అన్నం తిని వెనక గదిలో నడుం వాల్చాక తెల్లదాని డ్రైవరు సీటు బోల్టులు విప్పి బయటికి లాగాను. ప్లాస్టిక్ కవరు చిరక్కుండా తీసి, కుట్లు విప్పి, లోపలి స్పాంజిని రెండు చేతులతో ఎత్తాను. పసిపిల్లంత బరువుంది. స్పాంజికి అంత బరువుండదు. దాన్ని నా పాత చీర ఒకటి కప్పి పక్కన పెట్టాను, ఎందుకు కప్పానో నాకే తెలీదు. కొత్త స్పాంజి ఆ కొలతకి కోశాను. కోసేటప్పుడు భుజం కలుక్కుమంది, పళ్ళు బిగబట్టి కోశాను. గుడ్డ మళ్ళీ లాగి, పాత రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి కుట్టాను. కవరు తొడిగాను. సీటు బండిలో పెట్టి బోల్టులు బిగించాను. చివర్న ఒక మూల కుట్టు మిగిలింది, కవరు అంచు ఎత్తి, లోపలికి వంగి అది కూడా వేసి, ముడి వేసి దారం తెంపాను.

లేచి సీట్లో కూర్చున్నాను.

మెత్తగా ఉంది. ఎక్కడా గుచ్చుకోలేదు, ఎక్కడా లాగలేదు. భుజం వెచ్చబడి మెల్లగా వదిలింది, ఎవరో దాన్ని నా ఒంటి మీంచి తీసి పక్కన పెట్టినట్టు. అద్దంలోంచి షెడ్డు గోడ, దాని మీద నా సూదులు, దారాల కండెలు కనిపిస్తున్నాయి. బాగా కుదిరింది అనుకున్నాను. కళ్ళు మూతలు పడ్డాయి. అలా ఎంతసేపు ఉండేదాన్నో గాని అత్తయ్య "టీ పెట్టమంటావా?" అని కేకేసింది. దిగి తలుపు మూశాను.

చేతులు కడుక్కుంటుంటే ఏదో మర్చిపోయానన్న అనుమానం తొలిచింది. సూదులు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. కత్తెర ఉంది. పానా ఉంది. సరే అని వదిలేశాను.

పాత చీర కింద దాచిన స్పాంజిని పాత బస్సు సీటులో పెట్టి, పైన రెక్సిన్ కప్పి ఆయన్ని పిలిచాను.

"ఏమండీ, కాసేపిలా కూర్చోండి. కొలత చూడాలి."

"ఎక్కడమ్మా?" అన్నాడు.

అమ్మా అట. "ఇక్కడే" అన్నాను బస్సు సీటు చూపిస్తూ.

నిటారుగా కూర్చున్నాడు, పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు. నేను టేపు పట్టుకుని ఏవో కొలిచినట్టు నటిస్తూ ఆయన చుట్టూ తిరిగాను. ఏమీ కాలేదు. టీ తెచ్చిన అత్తయ్య గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. పొరపాటు పడ్డానేమో, అది స్పాంజిలో లేదేమో, బండిలోనే ఉండిపోయిందేమో.

అప్పుడు ఆయన ఎడమ తుంటి కాస్త కిందికి దిగింది.

ఆ తర్వాత భుజం ఒరిగింది. మొహంలో ఎక్కడో ఒక మూల నొప్పి తెలిసింది. చెయ్యి దానంతటది దవడ దగ్గరికి వెళ్ళింది. గొంతు సవరించుకున్నాడు, ఇంజనులో విన్న అదే గురగుర. తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకుని, ఊది, చల్లారేదాకా మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మీగడ కట్టింది. వేలితో తీసి బస్సు సీటు అంచుకి రాశాడు.

"ఛీ! అక్కడ రాయద్దని లక్షసార్లు చెప్పాను!" అని అరిచాను. అరిచి, పీట మీద కూలబడి భోరున ఏడ్చాను.

"ఏమైందే? నా లవంగాల డబ్బా ఏది? పన్ను చంపేస్తోంది" అంటూ లేచాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ. అత్తయ్య ఆ కాలు వైపు చూసి లోపలికెళ్ళిపోయింది. ఆవిడ బాధ ఆవిడది. నాకు మాత్రం ఆ ఈడ్చే చప్పుడంత సంగీతం ఇంకోటి లేదనిపించింది.

డాక్టరుగారు, వాళ్ళావిడ వచ్చేసరికి లారీ గేటు బయట నిలబడి ఉంది. మా ఆయన ఆకుపచ్చదాని బానెట్ మీద చరిచాడు.

"దీన్ని తీసుకెళ్ళండి డాక్టరుగారూ."

"పొద్దున ఆ తెల్లదాన్ని తీసుకోమన్నారు కదా!"

"పొద్దున నా బుర్ర నా దగ్గర లేదు. ఇదిగో, ఇది ఏడిపిస్తుంది, ఎండలో ఆగిపోతుంది, మీ చొక్కాలన్నీ పాడు చేస్తుంది. కానీ ఎక్కిన మనిషిని ఎక్కినట్టే దించుతుంది. ఆ తెల్లదాంతో ఏ గొడవా లేదు చూశారా, నాకదే నచ్చలేదు."

డాక్టరుగారు రెండు బళ్ళ చుట్టూ ఇంకోసారి తిరిగి చూశాడు. ఈలోగా వాళ్ళావిడ ఆకుపచ్చదాన్లో కూర్చుని హారన్ నొక్కింది. అది పలకలేదు, వైపర్లు తిరిగాయి. ఆవిడ పగలబడి నవ్వింది. ఇంక మాటల్లేవు. కార్ల సంగతి అక్కడితో తేలిపోయింది.

తెల్లదాన్ని లారీ ఎక్కించారు. తాళ్ళు బిగించారు. అది వెళ్ళిపోతుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటూ. మలుపు తిరిగేముందు దాని హెడ్‌లైటు పైకి లేచింది. ఈసారి కుడివైపుది. లారీ కుదుపుకి అయ్యుంటుంది.

అటు మా ఆయన ఆకుపచ్చదాన్ని వాళ్ళ కోసం గేటు బయటికి తీసి దిగాడు. పైకప్పు మీద వేళ్ళతో రెండు దెబ్బలు వేశాడు. ఎన్ని రోజులకి! నా ఒళ్ళంతా నవ్వయిపోయింది.

"ఏమే దబ్బనం, పదునుందా, పోయిందా?"

నేను నోరు తెరిచాను.

ఏమీ రాలేదు. జవాబు ఒకటి ఉండేదని తెలుసు. నేనే అనేదాన్నని తెలుసు. పొద్దునా సాయంత్రం ఎన్నేళ్ళుగానో అన్న మాట, కుట్టు మీంచి తల ఎత్తకుండా అన్న మాట. వెతికితే ఆ చోట ఏమీ లేదు, నున్నగా ఉంది. ఆయన నవ్వడానికి సిద్ధంగా నోరు సగం తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. కుడిచెయ్యి ఎత్తి నుదుటి మీద చెమట తుడుచుకున్నాను. చెయ్యి తేలిగ్గా పైకి లేచింది. భుజం నొప్పెట్టలేదు.

లారీ కోసం వీధిలోకి పరిగెత్తాను. మలుపు దగ్గర దుమ్ము తప్ప ఏమీ లేదు.

తర్వాత మా ఆయన ఎన్నో ఫోన్లు చేయించాడు. దాన్ని ఎవరో కొనుక్కున్నారట. అద్దాల గదిలో పెట్టి చూసుకుంటున్నారట, ఎవరినీ ముట్టుకోనివ్వరట.

ఆ జవాబేమిటో ఆయనే నాకు చెప్పాడు. ఒకసారి కాదు, నాకు నోటికి వచ్చేదాకా చెప్పాడు. మంచి జవాబే, ఎవరికైనా నవ్వొచ్చేలాగే ఉంది. ఇప్పుడు ఆయన పైకప్పు మీద కొట్టి అడిగినప్పుడల్లా నేను తప్పు లేకుండా అప్పజెబుతాను. ఆయన నవ్వుతాడు. "భుజం బాగైంది కదే, ఇంకేం కావాలి నీకు?" అంటుంది అత్తయ్య నా జడ నేనే వేసుకుంటుంటే చూసి. ఆయన మాత్రం నవ్వడం అయిపోయాక కాసేపు అక్కడే నిలబడి నా మొహంలోకి చూస్తాడు, ఆ వారమంతా నేను ఆయన మొహంలోకి చూసినట్టు.